కంచెతో పాటు ఒక గది: కరోనా కాలంలో మన తండా పంచాయతీలు

(లింగంపల్లి యువజన సమావేశంలో ఒక గిరిజన హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు మమ్మల్ని ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి అని మేము చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు అదే వినిపించేది. అందుకని ఈ రోజు ఆరోగ్యాన్ని పంచాయతీ వైపు నుంచి చూద్దాం. కరోనా వచ్చినప్పుడు మన తండా పంచాయతీ ఏం చేయగలిగింది? ఏం చేయలేకపోయింది? అలాంటి రోగం మళ్లీ వస్తే ముందే ఏం సిద్ధం చేసుకోవాలి? మేము చెప్పదలచుకున్నవి ఈ మూడే.

లింగంపల్లిలో కూర్చుని తండా సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మీలో కొందరు ఇక్కడి కంపెనీల్లో, మాల్స్‌లో, ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. కొందరు క్యాబ్ నడుపుతున్నారు, కొందరు సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతున్నారు. చాలామంది ఓటు మాత్రం ఇంకా తండాలోనే ఉంది. ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా బ్యాగు సర్దుకుని బయలుదేరేది అక్కడికే. 2020లో మనవాళ్లు చేసింది అదే. కాబట్టి తండా పంచాయతీ ఎంత గట్టిగా ఉందన్నది అక్కడున్న మీ అమ్మానాన్నలకు ఎంత ముఖ్యమో, ఇక్కడున్న మీకూ అంతే ముఖ్యం.

ముందు మన పంచాయతీ వయసు గుర్తుచేసుకుందాం. మా తండాలో మా రాజ్యం కావాలని మన పెద్దలు ఏళ్ల తరబడి అడిగారు. అంతకుముందు తండా అంటే పక్క ఊరికి శివారు. బోరు వేసినా, వీధి దీపం పెట్టినా ముందు పెద్ద ఊరికి, మిగిలితే మనకు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, ఆ ఏడాది ఆగస్టు 2 నుంచి వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరి 2న కొత్త పాలకవర్గాలు బాధ్యతలు తీసుకున్నాయి. సరిగ్గా పదమూడు నెలలకు, 2020 మార్చి 2న, తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది.

పదమూడు నెలల పంచాయతీ అంటే ఇంకా నడక నేర్చుకుంటున్న బిడ్డ. చేతిలో ఉన్నది ఎంత? ఒక సర్పంచ్, కొందరు వార్డు సభ్యులు, ఒక కార్యదర్శి, ఇద్దరో ముగ్గురో సఫాయి కార్మికులు, పల్లె ప్రగతి కింద వచ్చిన ట్రాక్టరు. కొన్నిచోట్ల ఆఫీసుకు సొంత గది కూడా లేక స్కూల్ గదిలోనే నడిపారు. డాక్టరు లేడు. ఆశా కార్యకర్త ఉంది, ఆమె చేతిలో ఒక సంచి, ఒక రిజిస్టరు ఉన్నాయి. ప్రపంచంలోని పెద్ద పెద్ద దేశాలే తడబడిన రోగాన్ని ఇంత చిన్న ప్రభుత్వం ఎదుర్కోవాల్సి వచ్చింది. ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. ఇక్కడ మాదాపూర్, గచ్చిబౌలి, లింగంపల్లి వైపు పీజీ హాస్టళ్లలో ఉన్న పిల్లలను కొందరు యజమానులు ఖాళీ చేయమన్నారు. 25వ తేదీన ఊళ్లకు వెళ్లే పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు వందల మంది నిలబడ్డారు. హాస్టళ్లు మూయవద్దని ప్రభుత్వం చెప్పేలోపే చాలామంది బయలుదేరిపోయారు. ఆంధ్రా వైపు వెళ్లినవాళ్లు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. తండాలకు వెళ్లినవాళ్లలో కొందరికి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వచ్చింది.

ఆ కంప వేసింది ఎవరు? ఊరివాళ్లే, పంచాయతీయే. నల్గొండ జిల్లా మదనాపురం సర్పంచ్ ఉడుత అఖిల యాదవ్ అప్పుడు ఇరవై మూడేళ్ల అమ్మాయి. కర్ర పట్టుకుని ఊరి దారికి కాపలా కూర్చున్న ఆమె ఫొటో దేశమంతా చూసింది. ఎన్నో తండాలు, గూడేలు కూడా అదే పని చేశాయి. దారికి కట్టెలు అడ్డం వేశారు, మగవాళ్లు వంతులవారీగా కాపలా ఉన్నారు, కొత్తవాళ్లను లోపలికి రానివ్వలేదు.

దీన్ని మూఢత్వం అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఆస్పత్రి దూరంగా ఉన్న తండాకు రోగాన్ని లోపలికి రానివ్వకపోవడమే మొదటి వైద్యం. మనకు ఇది కొత్త కూడా కాదు. ఆషాఢంలో సీత్లా పండుగ చేసుకుంటాం. పశువులకు, పిల్లలకు రోగాలు రాకూడదని తండా అంతా కలిసి సీత్లా యాడికి మొక్కుతాం. మశూచికి మందు లేని కాలంలో రోగం నుంచి కాపాడమని ఆ తల్లినే వేడుకున్నారు మన పూర్వీకులు. రోగం ఒక ఇంటి సమస్య కాదు, తండా మొత్తానిది అన్న తెలివి ఆ పండుగలోనే ఉంది. నాయక్, కార్భారి కూర్చుని తీర్పు చెప్పిన రోజుల నుంచీ తండా ఒక మాట మీద నిలబడటం తెలిసిన జాతి మనది. 2020లో పంచాయతీ ముద్ర ఉన్న సర్పంచ్ ఒక మాట చెబితే అందరూ వినడానికి ఆ అలవాటే సాయపడింది.

కంచె ఒక్కటే కాదు, ఇంకా చాలా చేశారు. రేషన్ కార్డున్నవాళ్లకు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. వలస కూలీలకు పన్నెండు కిలోల బియ్యం, 500 రూపాయలు. పక్క రాష్ట్రం కూలీలు ఏ ఇటుక బట్టీ దగ్గర ఉన్నారు, కార్డు లేని ముసలమ్మ ఏ ఇంట్లో ఉంది అన్నది కంప్యూటర్‌కు తెలియదు, వార్డు సభ్యుడికి తెలుసు. చిన్న ప్రభుత్వానికి ఉన్న అసలు బలం ఇదే. దాని దగ్గర డబ్బు తక్కువ, మనుషుల ఎరుక ఎక్కువ.

ట్రాక్టరు ట్యాంకర్‌తో వీధుల్లో హైపోక్లోరైట్ చల్లడం కూడా మీకు గుర్తుండే ఉంటుంది. అందరికీ కనిపించే పని కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. అయితే వీధుల్లో మందు చల్లడం వల్ల ఉపయోగం లేదని, మనుషుల మీద చల్లితే హానికరమని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కష్టకాలంలో కంటికి కనిపించే పని మీదికే చెయ్యి ముందు పోతుంది. కంటికి కనిపించని పని వెనకబడుతుంది. వెనకబడిన ఆ పని గురించే ఇప్పుడు చెబుతాం.

కంచె దగ్గర ఆగిపోయినవాడు ఎవరో ఆలోచించండి. వాడు పరాయివాడు కాదు, మన పిల్లవాడే. లింగంపల్లి నుంచో, ముంబై నుంచో వచ్చినవాడు. లోపలికి రానిస్తే తండాకు భయం, రానివ్వకపోతే వాడు చెట్టు కిందే. రానిచ్చి ఇంట్లోనే ఉండమంటే ఇల్లంతా ఒకటే గది. పద్నాలుగు రోజులు విడిగా ఉండమని చెప్పడం తేలిక. విడిగా ఉండటానికి చోటేది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లు రెండు చెబుతాం. మొదటిది మీ కళ్ల ముందే జరిగింది. 2020 మే 1 తెల్లవారుజామున ఇదే లింగంపల్లి స్టేషన్ నుంచి లాక్‌డౌన్ తరవాత దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు మమ్మల్ని ఇంటికి పంపండని రెండు రోజుల ముందే రోడ్డెక్కారు. ఆ రైలుకు 24 పెట్టెలు. 72 మంది పట్టే పెట్టెలో 54 మందినే ఎక్కించారు. సుమారు 1,200 మంది వెళ్లారు. వాళ్లు దిగేసరికి అటువైపు పూలు ఇచ్చి, అన్నం పెట్టి, బస్సుల్లో వాళ్ల జిల్లాలకు చేర్చారు. పంపేవాళ్లు ఎంతమందో లెక్క చెప్పారు, అందుకునేవాళ్లు ఆ లెక్కకు సరిపడా ఏర్పాటు చేశారు. లెక్క ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

రెండోది ఒడిశా. వలస వెళ్లినవాళ్లు లక్షల్లో తిరిగొస్తారని ఆ ప్రభుత్వానికి తెలుసు. 2020 ఏప్రిల్‌లోనే సర్పంచ్‌లకు వాళ్ల పంచాయతీ పరిధిలో కలెక్టర్ అధికారాలు ఇచ్చింది. వచ్చేవాళ్లు ముందుగా పంచాయతీలో పేరు రాయించుకోవాలి. వాళ్లు ఉండటానికి స్కూళ్లు, ఇతర ప్రభుత్వ భవనాలు సిద్ధం చేశారు. తిండి, పడక పంచాయతీ చూసుకుంది. పద్నాలుగు రోజులు నియమంగా ఉన్నవారికి 2,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. అక్కడ కష్టాలు లేవని కాదు. కానీ వచ్చినవాడికి పేరు రాసే రిజిస్టరు ఒకటి, పడుకునే గది ఒకటి ఉన్నాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2021 మే. రెండో అల. మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్. నల్గొండ జిల్లాలోని ఒక తండాలో చదువుకునే కుర్రాడికి కరోనా వచ్చింది. ఇంట్లో విడిగా ఉండే గది లేదు. ఇంట్లోవాళ్లకు అంటించకూడదని, ఇంటి దగ్గరి చెట్టు మీద వెదురు కర్రలు కట్టుకుని పడక వేసుకున్నాడు. పదకొండు రోజులు చెట్టు మీదే ఉన్నాడు. ఈ వార్తను దేశమంతా చదివింది. కొందరు తెలివిగలవాడని మెచ్చుకున్నారు. కొందరు పాపం అన్నారు.

వార్డెన్లుగా మేము ఆ వార్తలో ఇంకొక వాక్యం దగ్గర ఆగిపోయాం. ఆ ఊళ్లోనే ఎస్టీ హాస్టల్ ఉంది. మే నెల మధ్యకు వచ్చేసరికి దాన్ని ఐసోలేషన్ కేంద్రంగా మార్చారు. అప్పటికి ఆ కుర్రాడు చెట్టెక్కి వారం దాటింది.

హాస్టల్ అంటే ఏమిటో మాకు తెలుసు. వరుసగా గదులు, మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు, బోరు మోటారు, వంటగది, గంగాళాలు, వంద కంచాలు. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం 2021 ఫిబ్రవరి 1న హాస్టళ్లు తెరిచారు, మార్చి 24న మళ్లీ మూసేశారు. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఆ గదులన్నీ ఖాళీ. ఒకే ఊళ్లో ఒకవైపు ఖాళీ గదులు, ఇంకొకవైపు చెట్టు మీద పిల్లవాడు. ఈ రెంటి మధ్య దూరం నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగులు నడవడానికి మనకు వారం పట్టింది.

ఎందుకు పట్టిందో ఆలోచించాలి. ఎవరినో తిట్టడానికి చెప్పడం లేదు. సర్పంచ్‌కు మనసు లేక కాదు. హాస్టల్ గిరిజన సంక్షేమ శాఖది, పంచాయతీది కాదు. రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఏ వార్డెనూ తాళం చెవి ఇవ్వలేరు. పిల్లల పెట్టెలు, బొంతలు లోపలే ఉంటాయి, వాటికి బాధ్యత ఎవరిది? రోగులను ఊరి నడుమకు తెస్తారా అని ఇరుగుపొరుగు అడుగుతారు. రాత్రి కాపలా ఎవరు? వంట ఎవరు చేస్తారు, బిల్లు ఎవరు కడతారు? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. కానీ ఇవన్నీ రోగం వచ్చాక అడిగే ప్రశ్నలు కావు. రోగం లేనప్పుడు గ్రామసభలో కూర్చుని తేల్చుకోవాల్సినవి.

తేల్చుకోవడానికి దారి ఉంది. విపత్తు వచ్చినప్పుడు భవనాలను వాడుకునే అధికారం 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా యంత్రాంగానికి ఉంది. పంచాయతీ చేయాల్సింది ముందుగానే ఒక తీర్మానం. "మా ఊళ్లో ఇన్ని గదులున్న ఈ భవనం ఉంది, అవసరం వస్తే దీన్ని ఐసోలేషన్‌కు వాడుకోవాలని కోరుతున్నాం" అని రాసి, ఎంపీడీవో ద్వారా కలెక్టర్‌కు పంపాలి. ఆ కాగితం ఫైల్లో ఉంటే, ఆ రోజు వచ్చినప్పుడు ఒక ఫోన్‌తో పని అవుతుంది. లేకపోతే అప్పుడు మొదలుపెట్టాలి.

2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. అది సర్పంచ్ ఇష్టం కాదు, జరిపి తీరాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి ఉంది. ఆశా కార్యకర్త అందులో కీలక సభ్యురాలు. ఏడాదికి 10,000 రూపాయల నిధి ఉంటుందని మార్గదర్శకాల్లో ఉంది. మీ తండాలో ఆ కమిటీలో ఎవరున్నారో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని మేము అడగం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీరు అడగండి.

మా హాస్టల్ లెక్కలో చెబితే, తండా పంచాయతీ ముందే సిద్ధం చేసుకోవాల్సినవి ఐదు.

మొదటిది రిజిస్టరు. మేము పిల్లవాణ్ని చేర్చుకునేటప్పుడు పేరు, తండా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, ఫిట్స్ ఉన్నాయా, ఆయాసం ఉందా అన్నీ రాసుకుంటాం. పంచాయతీ దగ్గర కూడా ఇంటింటి రిజిస్టరు ఉండాలి. ఎవరు హైదరాబాద్‌లో ఉన్నారు, ఎవరు ముంబై, పుణె వెళ్లారు, ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఎవరికి బీపీ, షుగర్ ఉన్నాయి, ఏ ఇంట్లో ఒకటే గది ఉంది. ఈ చివరి గడి ఎవరూ రాయరు. అది రాసి ఉంటే చెట్టు మీదికి వెళ్లాల్సిన ఇల్లు ఏదో ముందే తెలిసేది.

రెండోది గది. హాస్టల్, స్కూల్, కమ్యూనిటీ హాల్, ఏదైనా సరే. ఆడవాళ్లకు విడిగా గది, విడిగా మరుగుదొడ్డి ఉండాలి. ఇది లేకపోతే మన ఆడపిల్లలు జ్వరం దాచుకుని ఇంట్లోనే ఉంటారు, ఈ సంగతి ఆడ వార్డెన్లకు బాగా తెలుసు.

మూడోది తాళం. ఎవరు ఇవ్వాలి, ఎవరు తీసుకోవాలి, లోపలి సామాను లెక్క ఎవరు రాయాలి, అయిపోయాక కడిగించి తిరిగి అప్పగించేది ఎవరు. పిల్లల పెట్టెలు ఒక గదిలో పెట్టి తాళం వేసి, పంచనామా రాస్తే ఏ గొడవా ఉండదు.

నాలుగోది అన్నం. విడిగా ఉన్నవాడు ఆకలితో ఉంటే రెండో రోజే ఇంటికి నడిచి వెళ్లిపోతాడు. మన మహిళా సంఘాలకు పది మందికి వండటం పెద్ద పని కాదు. ఖర్చు ఎక్కడి నుంచి అన్నది తీర్మానంలో ముందే రాసుకోవాలి.

ఐదోది బండి. రాత్రి పన్నెండింటికి ఆయాసం వస్తే 108 వచ్చేలోపు ఏ ఆటో బయలుదేరుతుంది, డ్రైవర్ నంబరు ఏమిటి. ఈ నంబర్లు పంచాయతీ గోడ మీద పెయింటుతో రాసి ఉండాలి.

ఈ ఐదింటిలో కోట్ల రూపాయల పని ఒక్కటీ లేదు. ఒక రిజిస్టరు, ఒక తీర్మానం, గోడ మీద నాలుగు నంబర్లు, అంతే. కానీ ఇవి ఫొటోలో పడవు. మందు చల్లే ట్రాక్టరు ఫొటోలో పడుతుంది. అందుకే ఎవరో ఒకరు పట్టుబట్టి అడగాలి. ఆ ఎవరో మీరే కావాలని మా కోరిక.

మీకు కాగితం రాయడం వచ్చు, ఎక్సెల్ షీటు వచ్చు, వాట్సాప్ గ్రూపు నడపడం వచ్చు. ఇక్కడ కంపెనీలో మంటలొస్తే ఎటు పరుగెత్తాలో ఏటా డ్రిల్లు చేయిస్తారు కదా. ఆ డ్రిల్లు మీ తండాకు కూడా నేర్పండి. తీజ్‌కు వెళ్లినప్పుడు, సీత్లా పండుగకు వెళ్లినప్పుడు, గ్రామసభ ఎప్పుడో కనుక్కుని ఒక పూట ఎక్కువ ఉండండి. సర్పంచ్‌తో కాకా అని, బాపూ అని మర్యాదగా మాట్లాడండి. నాలుగు ఇంగ్లిషు ముక్కలు వచ్చాయని పెద్దల ముందు గొంతు పెంచకండి. రిజిస్టరు రాసిపెడతామని ముందుకు రండి. పని చేసిపెడతామని వచ్చినవాళ్లను ఏ పంచాయతీ వద్దనదు.

ఇక్కడ లింగంపల్లి సంగతి కూడా ఒక మాట. ఇది ఒకప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీ. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. పెద్ద కార్పొరేషన్‌లో మీ గది నంబరు ఎవరికీ తెలియదు, మీకు జ్వరం వచ్చినా పక్క గదివాడికి తెలియకపోవచ్చు. అందుకని మన సంఘమే ఇక్కడ చిన్న తండా కావాలి. ఎవరు ఏ బస్తీలో, ఏ పీజీలో ఉన్నారు, దగ్గరి బస్తీ దవాఖానా ఏది, రక్తం గ్రూపు ఏమిటి, ఇంటి నంబరు ఏమిటి. ఈ సభ ముగిసేలోపు వెనక బల్ల మీద పెట్టిన నోటుబుక్కులో మీ పేరు రాసి వెళ్లండి. మొదటి రిజిస్టరు ఇక్కడే మొదలుపెడదాం.

2020లో మన చిన్న పంచాయతీలు కంచె వేసి తండాను కాపాడాయి. అది తక్కువ పని కాదు. కర్ర పట్టుకుని రాత్రుళ్లు మేలుకున్న ఆ సర్పంచ్‌లకు, ఇల్లిల్లూ తిరిగిన ఆశా అక్కలకు, చెత్త ఎత్తిన సఫాయి అన్నలకు ఈ సభ తరఫున దండం పెడుతున్నాం. ఈసారి కంచె పక్కనే ఒక గది కూడా సిద్ధంగా ఉండాలి. బయటి నుంచి వచ్చిన మన పిల్లవాడిని ఆపే చెయ్యే, పడక ఎక్కడుందో కూడా చూపించాలి. అప్పుడే మా తండాలో మా రాజ్యం అన్న మాటకు నిండు అర్థం వస్తుంది.



జై సేవాలాల్. జై కొమురం భీం.